మూడు కొండల కాగితం

తనను వెంట తీసుకుపోతే నవ్వులపాలవుతానని భర్త భయమా? ఉమ పెనం మీద జొన్నరొట్టె తిప్పింది. నిరుడు విత్తనాల కంపెనీ వాళ్ళు హైదరాబాదులో భోజనాలు పెట్టినప్పుడు తాను ముళ్ళ చెంచాను పక్కన పెట్టి చేత్తోనే తిన్నది. భర్త రాఘవేందర్ చూశాడు, ఏమీ అనలేదు. ఆ అనకపోవడాన్ని ఉమ ఏడాదిగా లోపల దాచుకుంది. ఇప్పుడు నిన్నటి ఫోను మాట వచ్చి దానికి అతుక్కుంది.

నిన్న భర్త కొట్టం వెనక నిలబడి కంపెనీ మనిషి ఆశీర్వాదంతో మాట్లాడుతున్నాడు. "ఆమెకు తెల్వనియ్యకు అన్నా. ఆమెను గంత మీదికి తీస్కపోవుడు నాతోని కాదు." అంతే వినబడింది. ఇంట్లో ఆడవాళ్ళు ముగ్గురు. తల్లి గురించైతే అతను గట్టిగానే చెబుతాడు. కూతురు గురించైతే నవ్వుతూ చెబుతాడు. గొంతు తగ్గించాడంటే ఆ 'ఆమె' తనే.

గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తనం బాగా పండించిన నాలుగు కుటుంబాలకు కంపెనీ స్విట్జర్లాండ్ యాత్ర ఇచ్చింది. ఇంటికి నలుగురు, మే నెలలో. అన్నీ వాళ్ళే ఏర్పాటు చేశారు గానీ ఏ కొండ ఎక్కాలన్నది మాత్రం ఇంటివాళ్ళకు వదిలారు. మూడు కొండల బొమ్మలున్న కాగితం మీద ఒకదానికి టిక్కు పెట్టి మధ్యాహ్నంలోగా ఆశీర్వాదానికి ఇవ్వాలి.

వసారాలో ఆ కాగితం చుట్టూ మిగతా ముగ్గురూ కూర్చున్నారు. వనపర్తిలో డిగ్రీ చదువుతున్న కూతురు వసంత దీనికోసమే నిన్న బస్సెక్కి వచ్చింది.

"యుంగ్‌ఫ్రావ్‌కే పోదాం నాయినా. మూడున్నర వేల మీటర్ల ఎత్తుల రైలు స్టేషన్! మంచులనే గుహ చెక్కిండ్రంట."

"రీగీ మంచిగుంటది," అన్నాడు రాఘవేందర్ కూతురి వైపు చూడకుండా. "గడ్డి ఉంటది. కింద చెరువులు కనబడుతయి. ఆవులు గూడ ఉంటయంట."

"ఆవులా? మన కొట్టంల లేవా?"

అత్త జములమ్మ వక్క నములుతూ అందుకుంది. "గడ్డి, ఆవులు చూపెట్టనీకి ఇమానం ఎక్కిస్తవారా కొడుకా? జూరాల డ్యాం కాడికి తోల్కపో, ఆటోల అయిపోతది."

"పోనీ టిట్లిస్," అంది వసంత. "తీగల మీద పొయ్యే డబ్బా గుండ్రంగ తిరుగుతదంట."

"అది గూడ మూడు వేలు. రీగీ పద్దెనిమిది వందలే. రీగీ చాలు."

వంటింట్లో ఉమ చెయ్యి ఆగింది. ఈయన అంకెలు బట్టీ పట్టాడు. నిన్నమొన్నటిదాకా ఆ కొండల పేర్లే వినని మనిషి వాటి ఎత్తులు ఎందుకు నేర్చుకున్నాడు? తనను ఎక్కడ ఆపాలో లెక్క చూసుకున్నాడా?

అనుమానానికి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. పత్తి విత్తనం పనిలో సాయంత్రం పూట ఒక్కో మొగ్గలోని మగ భాగాన్ని గోటితో వలిచి ఎర్ర కాగితం తొడగాలి. మర్నాడు పొద్దున వేరే చెట్టు పువ్వు తెచ్చి దానికి పుప్పొడి అద్దాలి. ఆ పనిలో ఉమ గోరుకు ఊళ్ళో పేరుంది. అలాంటిది, రెండేళ్ళుగా తాను ముగించి వచ్చిన మొక్కల సాలులోకి భర్త మళ్ళీ దిగి వంగి వంగి చూస్తున్నాడు. తన చేతి మీద నమ్మకం పోయిందన్నమాట.

చింతపండు జాడీ వైపు ఆమె చూపు పోయింది. దాని అడుగున ప్లాస్టిక్ కవరులో చుట్టి నీలం ఇన్‌హేలర్ ఉంది. కొత్తకోటలో అక్క దగ్గరికని చెప్పి, వనపర్తి దవాఖానకు పోయి తెచ్చుకున్నది. ఊపిరి అందడం లేదని ఇంట్లో తెలిస్తే చేను మాన్పిస్తారు. తన గోరే ఈ ఇంటికి ఈ యాత్ర తెచ్చింది. ఆ గోరు మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలవాలా?

రొట్టె మాడిన వాసన వచ్చింది. ఉమ పొయ్యి ఆర్పి వసారాలోకి వచ్చింది.

"నన్ను ఏడ దించుదామనుకున్నవ్? కొండ కిందనా, ఇంటికాడనా?"

రాఘవేందర్ తలెత్తాడు. "ఏందే?"

"ఆశీర్వాదంతోని అన్నవ్ గద, నాకు తెల్వనియ్యద్దని! చేత్తోని తింటనని సిగ్గయితుందా? గీ యాత్ర ఎవరి గోటికి వచ్చింది?"

"అమ్మా, జర ఆగు..."

"నువ్వు ఊకో. రెండేండ్ల సంది తప్పులు పట్టనీకి నా సాలుల తిరుగుతుండు మీ నాయిన. నమ్మకం లేకుంటె కూలోళ్ళను పెట్టుకొమ్మను."

రాఘవేందర్ కాగితాన్ని పక్కకు జరిపాడు.

"తప్పులు పట్టలే. నువ్వు ముట్టని మొగ్గలు తీసిన."

"నేను ముట్టనివా?"

"సగం సాలు కాడ ఊపిరికి నిలబడుతవ్. మళ్ళ వంగినప్పుడు ఏడ ఆపినవో యాదికుండది. నాలుగైదు చెట్లు ఇడిచి ముందటికి పోతవ్. వాటికి నేను కాగితాలు తొడిగిన."

"గట్లయితే చెప్పొద్దా?"

"చెప్తె చేనుకు రావు. నీకు చేనంటె ఏందో నాకు తెల్వదా? కొత్తకోటకని మూడుసార్లు పోయినవ్. మీ అక్క ఫోన్ చేసి, ఉమ మొకం చూసి ఏడాదాయె అన్నది. నువ్వే చెప్తవని ఆగిన. మీదికి పోతె గాలి తక్కువుంటదని ఆశీర్వాదం చెప్పిండు. నిన్ను కింద కూసోబెట్టి మేం ముగ్గురం మంచు చూసి రావాల్నా? నలుగురం ఎక్కేది ఉంటె చెప్పు, అదే ఎక్కుదాం."

వసంత తండ్రి మొహం, తల్లి మొహం చూసింది. "ఏం ఊపిరి? నాకెవ్వరు చెప్పలే!"

"నాకు ఎర్కనే," అంది జములమ్మ వక్క పక్కకు ఉమ్మి. "చింతపండు కోసం చెయ్యి పెడితె గొట్టం దొరికింది. పిప్పరమెంటేమోనని నోట్లె పెట్టుకొని ఒత్తిన. థూ, చేదు. మళ్ళ గాడనే పెట్టిన."

వసంత నవ్వబోయింది, నవ్వు మధ్యలోనే ఏడుపయింది. యుంగ్‌ఫ్రావ్ బొమ్మను అరచేత్తో మూసి, కాగితాన్ని తండ్రి ముందుకు జరిపింది.

ఉమ గోడకు ఆనుకుంది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎవరు ఏం దాస్తున్నారో అని చెవులు రిక్కించి తిరిగింది. తన వెనకాల, సాలు సాలుకూ, ఒక మనిషి వంగి ఆమె పేరును కాపాడుతూ వచ్చాడు. ఊళ్ళో మెచ్చుకున్న ఆ మొగ్గల్లో ఎన్ని తనవి, ఎన్ని అతనివి? లెక్క తేలదు. తేలాలని కూడా అనిపించలేదు. అరిచినందుకు ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. అలవాటుగా కాళ్ళు పెరటి వైపు తిరిగాయి, ఎవరికీ వినబడని చోటికి.

ఆమె పెరటికి పోలేదు. వంటింట్లోంచి జాడీ తెచ్చి వసారా మధ్య పెట్టింది. లోపలికి చెయ్యి పెట్టి కవరు విప్పి, గొట్టాన్ని కొంగుతో తుడిచి, ముగ్గురి ఎదుట కూర్చుని, నోట్లో పెట్టుకుని నొక్కింది.