పాచిక గారు ఆడని ఆట

1986 శ్రావణంలో ఒక సోమవారం పొద్దున, వరంగల్ స్టేషన్ రోడ్డులోని 'కోటగుమ్మం' వారపత్రిక ఆఫీసుకు ఒక అమ్మాయి వచ్చింది. ఆ వారం సంచికను గుండ్రంగా చుట్టి, లాఠీలా పట్టుకుని ఉంది.

"పాచిక ఎవరు?" అని అడిగింది.

ఆ సమయంలో ఆఫీసులో ఉన్నది రాజమల్లు ఒక్కడే. ఇరవై నాలుగేళ్లవాడు. వాళ్ల నాన్నకు బజారులో నూలు దుకాణం ఉన్నా, అందులో కూర్చోకుండా ఈ పత్రికలో సబ్ ఎడిటరుగా చేరాడు. తనది తాతల కాలం నాటి పేరని చిన్నప్పటినుంచీ అతనికొక దిగులు. అందుకే ఆటల శీర్షిక రాసే పని దొరకగానే 'పాచిక' అని కలం పేరు పెట్టుకున్నాడు. క్యారమ్స్ నుంచి పట్నంలో కొత్తగా వచ్చిన వీడియో గేముల దాకా ఏ ఆట కనిపించినా దానిమీద వారం వారం తీర్పు చెప్పేవాడు.

ఆ పాచిక నేనే అని చెప్పడానికే నోరు తెరిచాడు. కానీ అమ్మాయి కళ్లు చూశాడు. అంత అందమైన కళ్లలో అంత కోపం ఉండగా నిజం చెప్పడం అతనివల్ల కాలేదు.

"ఆయన లేడండీ. తొర్రూరు పోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"చెప్పలేం. ఆయనకొక టైం ఉండదు."

"అయితే మీరే చెప్పుండ్రి. రివ్యూ రాసే ముందు ఆట ఆడాలె అని."

ఆమె పేరు కళావతి. కాశిబుగ్గలో జంపఖానాలకు డిజైన్లు గీసే వెంకట్రాజం కూతురు. డిగ్రీ చదివేటప్పుడు పట్నంలో పాత పుస్తకాల వాడి దగ్గర ఆమెకొక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నలుగురు కూర్చుని, ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్లు ఆ కథలో మనుషులై ఆడే ఆట అది. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివింది. తర్వాత నాయనమ్మ మొగిలమ్మ చెప్పిన రాక్షసుల కథలన్నీ గుర్తు చేసుకుని, రెండేళ్లు కష్టపడి, సొంతంగా ఒక ఆట తయారుచేసింది. దాని పేరు 'ఏడు గడపల కోట'. నాన్న డిజైన్లు గీసే గ్రాఫ్ కాగితం మీదే కోట పటాలు గీసింది. పాచికల బదులు ఆరు గవ్వలు పెట్టింది. ఆటగాడు ఏదైనా సాహసం చేయబోతే గవ్వలు వేయాలి. ఎక్కువ గవ్వలు వెల్లకిలా పడితే బతికినట్టు, బోర్లా పడితే పోయినట్టు. అంతా కలిపి చిన్న పుస్తకంగా అచ్చు వేయించింది.

దానిమీద పాచిక గారు ఇలా తీర్పు రాశారు: 'బుడ్డి దీపాల కాలంలో అవ్వలు చెప్పిన కథనే అచ్చువేసి ఆట అంటున్నారు. పిల్లలు టీవీ తెరమీద అంతరిక్ష నౌకలను కూల్చేస్తున్న ఈ రోజుల్లో, ఇంకా గవ్వలా? ఇందులో చావడం సులువు. గెలవడం ఎలాగో రాసినవారికే తెలియాలి.'

"గెలిచుడు ఎట్లనో పదకొండో పేజీల ఉన్నది," అంది కళావతి. "ఆయన తొమ్మిదో పేజీకాడ ఆపిండు. నేను పందెం కడ్త."

రాజమల్లు ఆపింది ఎనిమిదో పేజీ దగ్గర. టీ తాగుతూ, ఒక్కడే, అరగంటలో చదివి రాసేశాడు.

ఆమె వెళ్తూ వెళ్తూ, ఆదివారం మధ్యాహ్నాలు తమ ఇంటి వెనక షెడ్డులో ఆట జరుగుతుందని, పాచికకు తీరిక లేకపోతే ఆఫీసులోంచి ఎవరైనా వచ్చి ఆడి ఆయనకు చెప్పవచ్చని అంది. ఎవరైనా అన్న ఆ మాటను రాజమల్లు తన పేరుగా తీసుకున్నాడు.

ఆదివారం తల నున్నగా దువ్వుకుని, సైకిల్ తుడుచుకుని కాశిబుగ్గ వెళ్లాడు. షెడ్డులో పరిచిన జంపఖానా మీద ముగ్గురున్నారు. కథ చెప్పేది కళావతి. ఆమె పక్కింటి స్నేహితురాలు పద్మ ఆటలో మూలికల వైద్యురాలు. రైల్వేలో రిటైరైన సాంబయ్య తాత కత్తి వీరుడు. పక్కన బల్లి కదిలినా వెనక్కి జరిగే వీరుడు. రాజమల్లును దొంగను చేశారు. అతను ఉలిక్కిపడ్డాడు. తర్వాత అది ఆటలో వేషమని అర్థమై ఊపిరి పీల్చుకున్నాడు.

షెడ్డు మూలన తాడుతో కట్టిన పుస్తకాల కట్ట ఒకటి ఉంది. అదేమిటని అతను పద్మను మెల్లగా అడిగాడు. పాచిక రాసింది చదివి చౌరస్తాలోని పుస్తకాల షాపువాడు ఆటలన్నీ వాపసు పంపించాడని, రెండో భాగం అచ్చు వేయనని ప్రెస్సువాడు కూడా చెప్పేశాడని పద్మ చెప్పింది. ఆ కట్ట వైపు మళ్లీ చూడకుండా ఉండటానికి రాజమల్లు చాలా కష్టపడ్డాడు.

అయితే ఆట మొదలయ్యాక అది గుర్తుకు రాలేదు. కళావతి గొంతు తగ్గించి, "మీ ముందట ఒక బాయి ఉన్నది. లోపట ఏందో పాకుతాంది," అనగానే అతని వీపు జలదరించింది. చూసి దిగుదామని సాంబయ్య తాత అంటున్నా వినకుండా దూకాడు. గవ్వలు వేశాడు. ఐదు బోర్లా పడ్డాయి. పాములు.

"చచ్చినవా?" అని తాత సంతోషంగా అడిగాడు.

ఇంకో ఛాన్స్ ఇవ్వమని రాజమల్లు బతిమాలాడు. చచ్చినోళ్లకు ఛాన్స్ ఉండదని, కావాలంటే కొత్త మనిషిగా పుట్టి రమ్మని కళావతి అంది. అంటూ నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో నాలుగు బావుల్లో దూకవచ్చునని అతనికి అనిపించింది.

ఆ రాత్రి అన్నం తింటూ ముందు రాయి వేసి చూడాల్సింది అని పైకే అనేశాడు. ఎవరిమీద రాయి అని వాళ్లమ్మ లక్ష్మీనర్సమ్మ కంగారుపడింది.

ఆరు ఆదివారాలు గడిచాయి. రాజమల్లు రెండుసార్లు చచ్చాడు, ఒకసారి మేకగా మారాడు. పాచిక తొర్రూరు నుంచి వచ్చాడా అని కళావతి ప్రతి వారం అడిగేది. రాలేదని అతను చెప్పేవాడు. అసలు ఆ మనిషికి పెళ్లాం పిల్లలు లేరా, అన్ని రోజులు తొర్రూరులో ఏం చేస్తున్నాడని పద్మ ఆరా తీసేది. కళావతి పాచికను తిట్టేది. తిట్లు కూడా ఆటలాగే బాగా అల్లేది. అందరితోపాటు రాజమల్లూ తల ఊపేవాడు.

ఇటు ఆఫీసులో ఉత్తరాలు విప్పే పని అతనిదే. ఆ ఆటమీద వారానికి పది వచ్చేవి. ఇలాంటి ఆటలతో పిల్లలకు చదువు వంటబట్టదని ఒక లెక్చరర్ రాశాడు. గంటలోనే చంపేస్తే ఇదేం న్యాయమని హాస్టల్ కుర్రాడొకడు కోప్పడ్డాడు. అదే కుర్రాడు రెండు వారాల తర్వాత, తాము నాలుగుసార్లు చచ్చామని, ఆటలో పడి మెస్సుకు కూడా వెళ్లడం లేదని, రెండో భాగం ఎప్పుడని రాశాడు. హైదరాబాదులోని ఒక ఇంగ్లీషు పేపరు నాలుగు వాక్యాలు వేసి, ముచ్చటగా ఉందని, కానీ పాతకాలపుదని తేల్చేసింది. చదవగా చదవగా రాజమల్లుకు ఒకటి తెలిసింది. ఆడినవాడు రాసిందేదో, ఆడనివాడు రాసిందేదో మొదటి వాక్యంలోనే పట్టేయవచ్చు. తన సమీక్ష మళ్లీ చదువుకున్నాడు. మొదటి వాక్యం దాటలేకపోయాడు.

ఉత్తరాలన్నీ సొరుగులో దాచాడు. అవి అచ్చయితే పాచిక ఎవరన్న మాట వస్తుంది. మాట వస్తే ఆదివారాలు పోతాయి.

ఏడో ఆదివారం వాళ్లు ఆరో గడప చేరుకున్నారు. అక్కడ కాపలా ఉన్న గుడ్డి రాక్షసికి కత్తులతో, మంత్రాలతో పనిలేదు. ఒక్కొక్కరు ఇంతవరకు ఎవరికీ చెప్పని నిజం ఒకటి చెబితే దారి ఇస్తుంది.

రిటైరై నాలుగేళ్లయినా రోజూ పొద్దున స్టేషన్‌కు పోయి, ప్యాసింజరు బండికి చెయ్యూపి వస్తానని సాంబయ్య తాత చెప్పాడు. ఎప్పుడో కళావతి ఇంకు పెన్ను విరిగితే నేరం తమ మేకమీద నెట్టానని, విరగ్గొట్టింది తానేనని పద్మ ఒప్పుకుంది. రాజమల్లు వంతు వచ్చింది. కట్టు కథలు నాలుగు తట్టాయి. ఎదురుగా కళావతి అతని ముఖంలోకే చూస్తోంది.

"పాచిక నేనే," అన్నాడు.

షెడ్డు అవతల డిజైను గీస్తున్న వెంకట్రాజం పెన్సిలు ఆగిపోయింది. కళావతి గవ్వలను ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసింది.

"ఆరు వారాలు మా నడుమ కూసున్నరు. నేను తిట్టినప్పుడల్ల మీరు కూడ తలకాయ ఊపిండ్రు."

"తిట్లు కరెక్టే గదా అని ఊపిన."

పద్మకు నవ్వొచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళావతి మాత్రం నవ్వలేదు. ఆట అయిపోయిందని, ఇక వెళ్లవచ్చని చెప్పింది.

ఆ రాత్రే అతను కొత్త సమీక్ష రాశాడు. మర్నాడు ఎడిటర్ రాజేశ్వర్ రావు దాన్ని చదివి కళ్లజోడు తీశారు. ఊరంతా నవ్వుతుంది, ఆలోచించుకో అన్నారు. నవ్వనివ్వండి సార్ అన్నాడు రాజమల్లు. సొరుగులోని ఉత్తరాలన్నీ తెచ్చి బల్లమీద పోశాడు. ఆ వారం 'కోటగుమ్మం'లో నిండు పేజీ పాఠకుల ఉత్తరాలే. వాటి పైన కొత్త సమీక్ష. దాని కింద కలం పేరు లేదు. రాజమల్లు అని పెద్ద అక్షరాల్లో ఉంది.

'ఈ ఆటను నేను ఆడకుండానే తీసిపారేశాను. తర్వాత ఆరు వారాలు ఆడాను. ఇది పాతదే. మనుషులు ఎదురెదురుగా కూర్చోవడం ఎంత పాతదో అంత పాతది. బావి లోతు ఎంతో ఎవరూ చూపించరు, మీరే ఊహించుకోవాలి. నేను ఊహించుకోకుండా దూకాను. ఆటలోనూ, సమీక్షలోనూ.'

ఊరు నవ్వింది. చౌరస్తా షాపువాడు మనిషిని పంపి పుస్తకాల కట్ట మళ్లీ తెప్పించుకున్నాడు. ప్రెస్సువాడు రెండో భాగం సంగతి అడిగాడు. కాశిబుగ్గ నుంచి మాత్రం ఒక్క మాట రాలేదు. ఆదివారం వచ్చి, పోయింది. రాజమల్లు సైకిల్‌ను రెండుసార్లు తుడిచి, రెండుసార్లు స్టాండు వేశాడు.

బుధవారం పోస్టులో, 'కోటగుమ్మం' ఆఫీసు ద్వారా కళావతికి అని ఒక ఉత్తరం వచ్చింది. రఘునాథపల్లి నుంచి. బయట వాన దంచుతోంది. అయినా ఇది వాన తగ్గేదాకా ఆగే ఉత్తరం కాదని రాజమల్లు తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చొక్కా లోపల దోపుకుని, సైకిలెక్కాడు. షెడ్డు చేరేసరికి ఉత్తరం పొడిగా ఉంది. అతను మాత్రం నిలువునా కారుతున్నాడు.

వెంకట్రాజం అతన్ని కింది నుంచి పైదాకా చూసి, "తడిసి ముద్దయినవ్ గదా బిడ్డా," అని తువ్వాలు ఇచ్చి, ఎందుకో వెంటనే ఇంట్లోకి వెళ్లిపోయాడు.

కళావతి ఉత్తరం విప్పింది. రాసింది సోమక్క అనే రైతు ఇల్లాలు. పొలంలో కలుపు తీస్తూ నలుగురు ఆడవాళ్లు ఈ ఆటను నోటితోనే ఆడుకుంటున్నారట. తెచ్చిన పుస్తకంలో చివరి పేజీలు చినిగిపోయాయట. 'మేము ఏడో గడప ముందట పది రోజుల సంది నిలబడ్డం. కాళ్లు గుంజుతానయ్. లోపట ఏమున్నదో జర చెప్పు బిడ్డా,' అని రాసింది.

కళావతి రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత నవ్వింది.

"పాపం, పది రోజులు నిలబడ్డరట. మనం పోవాలె," అంది.

రాజమల్లు తల తుడుచుకోవడం ఆపేశాడు.

"మనం అన్నరు."

"అన్న."

"నేను అని అనలే. మనం అన్నరు."

"మాట పట్టుకునుడు మీ పేపరోళ్లకు అలవాటే," అంది కళావతి. ముఖం మాత్రం ఎర్రబడింది.

తువ్వాలు చేతిలో నలుపుతూ అతను ఎట్టకేలకు చెప్పాడు. "ఆ రోజు గడపకాడ ఒక్క నిజమే చెప్పిన. ఇంకోటి మిగిలింది. నేను ఆదివారాలు వచ్చింది ఆట కోసమే కాదు."

"అది నాకు ఎరుకే. పద్మకు ఎరుకే. సాంబయ్య తాతకు ఎరుకే. గిప్పుడే మా నాయిన లోపటికి ఎందుకు పోయిండనుకున్నవ్?"

'మీరు' కాస్తా 'నువ్వు'గా మారిన సంగతి ఆమె గమనించలేదు. అతను గమనించాడు. కానీ ఈసారి మాట పట్టుకోలేదు. వాన శబ్దంలో ఆ 'నువ్వు'ను మెల్లగా లోపల దాచుకున్నాడు.

ఆ శనివారం పద్మను వెంటబెట్టుకుని ముగ్గురూ బస్సులో రఘునాథపల్లి వెళ్లారు. ఏడో గడప లోపల రాక్షసుడు బంధించిన వాన ఉందని, తాళం తీస్తే లోకమంతా కురుస్తుందని కళావతి కథ చెప్పింది. సోమక్క గవ్వలు వేసింది. ఆరూ వెల్లకిలా పడ్డాయి. ఆడవాళ్లందరూ కేకలు వేశారు. కాసేపటికి సోమక్క మాత్రం ఆలోచనలో పడి, వాన విడిపించుడు మంచిదేగానీ పత్తి పలిగినాక దాన్ని ఆపేటోడు ఎవడని అడిగింది. కళావతి అక్కడికక్కడే దాన్ని రెండో భాగానికి రాసుకుంది.

ఇక మిగిలింది లక్ష్మీనర్సమ్మ. కొడుకు నిద్రలో గడపలు, గవ్వలు అని కలవరిస్తుంటే ఆమెకు అనుమానమొచ్చింది. ఒక ఆదివారం భర్తతో చెప్పకుండా రిక్షా ఎక్కి కాశిబుగ్గ వచ్చేసింది. కాపురం చేసే వయసులో కొడుకును గవ్వలాటకు దింపిన పిల్ల ఎవరో చూసి, నాలుగు మాటలు అని పోదామని ఆమె ఉద్దేశం. కళావతి మంచినీళ్లు ఇచ్చి, జంపఖానా మీద కూర్చోబెట్టింది. ఊరికే కూర్చుంటే బాగుండదని పద్మ ఆమెకు ఒక వేషం ఇచ్చింది. మంత్రసాని. ఇష్టం లేకుండానే లక్ష్మీనర్సమ్మ గవ్వలు చేతిలోకి తీసుకుంది.

మూడు గంటలు గడిచాయి. టీ చల్లారిపోయింది. రాక్షసుడితో బేరాలాడింది. సాంబయ్య తాతను పిరికోడని కసిరింది. కొడుకును వెనక నిలబడమని చెప్పి తానే ముందు నడిచి, వంతెన విరిగి లోయలో పడిపోయింది.

రిక్షా ఎక్కేటప్పుడు ఆమె ముఖం ముడుచుకుని ఉంది. రాజమల్లు వెంట నడిచాడు. గడపలో నిలబడ్డ కళావతిని ఆమె ఒకసారి తేరిపార చూసి, కొడుకు వైపు తిరిగింది.

"పిల్ల నచ్చింది. ఆట నచ్చలే. అత్తను లోయల పడేస్తరారా ఎవరన్న?" అంది. "వచ్చే ఆదివారం మీ నాయినను తోలుకొని పూలు, పండ్లతోని వస్త. ఆ వంతెన సంగతి కూడ చూడాలె."