రెండు 'క'లు

పని మొదలయ్యేనాటికి ఏజెంట్ తక్కెడ చేతిలో ఉన్న సరుకు ఇంతే: పాత హెడ్‌ఫోన్, పెట్టెడు తుక్కు టేపులు, కడుపునిండా కుళ్లు.

"మిత్రదేశపు ఇంజనీర్ల బృందంలో ముఠా మనిషి ఒకడు దూరాడు. మన పవర్ స్టేషన్ పేల్చేస్తాడు" అన్నాడు చీఫ్. "ఆ దేశపు భాషలో 'క'లు రెండు. ఒకటి మనదే. రెండోది గొంతు అడుగునుంచి రావాలి. అది ముఠావాళ్లకు పలకదు."

"నాకు రెండూ ఒకటిగానే వినిపిస్తున్నాయి సార్."

"వినగా వినగా విడిపోతాయిలేవోయ్."

ఈ కబురు తెచ్చింది మెరుపు. అందగత్తె, ముఠా తమ మనిషే అనుకునే డబుల్ ఏజెంట్. ఆమెకు చీఫ్ ప్రత్యేకంగా రేడియో అనౌన్సర్ చేత చదివించిన టేపులిచ్చాడు. తక్కెడకు దక్కినవి దొంగచాటుగా రికార్డు చేసిన ఫోన్ కాల్స్: ఆలుమగల తిట్లు, బోసినోటి ముసలాళ్లు, చీదే ముక్కులు.

వారం తిరక్కుండా మెరుపు 'క'లు గుర్తుపట్టే పరీక్ష నెగ్గింది. "ఇంకా కాలేదా గురువుగారూ?" అని నవ్వింది.

తక్కెడకు ఒళ్లు మండింది. అన్నం తింటూ కూడా హెడ్‌ఫోన్ తీయలేదు. చివరికొకనాడు, పెళ్లానికి సంజాయిషీ చెప్పుకుంటున్న ఒక మొగుడి నోట్లో ఆ 'క' రెండుగా విడిపోయింది.

ఇంజనీర్లు వచ్చారు. తక్కెడ, మెరుపు మారువేషాల్లో కాఫీ అందిస్తూ మాటలు కలిపారు. గడ్డం ఇంజనీరు గొంతు బొంగురుపోయి ఉంది. తుమ్ముతూ, దగ్గుతూ బదులిచ్చాడు.

"వీడు సరైనవాడే. జలుబుకి గొంతు మారింది, అంతే" అంది మెరుపు మెల్లగా.

గడ్డంవాడు బ్యాగుతో కంట్రోల్ రూములోకి నడిచాడు.

"జలుబు చేస్తే గొంతులోని 'క' నోటి ముందుకు జరగదమ్మాయ్! పట్టుకో!" అని అరిచాడు తక్కెడ.

మెరుపు వాణ్ని నేలకు అదిమింది. బ్యాగులో టైమర్ ఆఖరి సెకనులో ఉండగా తక్కెడ కట్టర్ పెన్ను తీగను తెంపింది.

"నాకెలా తెలియలేదు?" మెరుపు మొహం కందిపోయింది.

"నువ్వు విన్నది ఒక్క గొంతు. నేను ఊరంతా విన్నాను."

ఆమె అప్పుడే వచ్చిన చీఫ్ వైపు తిరిగింది. "ఆ టేపులు ఈయనకే ఎందుకిచ్చారు సార్?"

తక్కెడ లెక్క కట్టుకున్నాడు. పవర్ స్టేషన్ దేశానికి దక్కింది, ఖైదీ చీఫ్‌కు దక్కాడు. తన వాటాకు మెరుపు కళ్లలోని అసూయ వచ్చింది. పనిలో లాభమంతా అక్కడే ఉందనిపించింది.