ప్యాడ్ వెనక్కి లాగినవాడు

"తన్నేటప్పుడు ప్యాడ్ వెనక్కి ఎందుకు లాగినావు?" కింద పడిన వినుత లేస్తూనే అరిచింది.

కిక్‌బాక్సింగ్ క్లాసులో ఆ రోజే చేరి, ఆమె తన్నులకు అడ్డంగా మందపాటి ప్యాడ్ పట్టుకున్న ధ్రువ తెల్లమొహం వేశాడు. "ఆడబిడ్డ కదా, దెబ్బ తగులుతాదని..."

"నువ్వు లాగినందుకే తగిలింది! కాలికి ప్యాడ్ ఎదురు రావల్ల. లేకుంటే మోకాలు పోతాది. ఇంగోసారి జాలి చూపించినావంటే ప్యాడ్‌ని కాదు, నిన్నే తంతాను."

హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టారు ధ్రువ, బుద్ధిగా ప్యాడ్ సరిచేసుకుని మళ్లీ నిలబడ్డాడు.

ఊరిగాంలో చర్చి వెనకాల హాల్లో ఆ క్లాసు. వినుతది రోజూ రైల్లో బెంగళూరు వెళ్లొచ్చే ఉద్యోగం. కూర్చుని కూర్చుని నిరుడు నడుము పట్టేసింది. స్టేషన్ మెట్లెక్కితే ఆయాసం. అమ్మ నాగరత్న నడుముకు నూనె రాస్తూ కన్నీళ్లు పెట్టుకునేది. ఈ క్లాసులో చేరాకే నొప్పి పోయింది, కంటినిండా నిద్ర పట్టింది. ఇప్పుడు స్టేషన్ మెట్లు పరుగున ఎక్కుతోంది.

ధ్రువ త్వరగానే నేర్చుకున్నాడు. ఆమె కాలెత్తితే చాలు, ప్యాడ్‌తో అడుగు ముందుకే వేసేవాడు. అతనంటే ఇష్టమని వినుత ఒప్పుకోలేదు గానీ, అతను రాని రోజున క్లాసంతా చప్పగా ఉండేది.

ఒక సాయంత్రం నాగరత్న వానలో తడుస్తూ వచ్చింది. "మాలూరు సంబంధం వాళ్లు ఫోన్ చేసినారు. ఈ తన్నులాటలు మానితేనే పెళ్లంట. ఇంగ చాలు, పద. మాస్టారూ, నువ్వైనా చెప్పప్పా!"

"నేను మానను," అంది వినుత. ధ్రువ కూడా మానమంటాడేమోనని భయం.

అతను ప్యాడ్ ఎత్తాడు. "తన్ను."

తన్నింది. వాన చప్పుడును మించి హాలంతా మోగింది. అతను ఇసుమంతైనా వెనక్కి జరగలేదు.

"మాలూరోళ్లు వద్దంటే సంబంధానికి మా ఇంటికి రండమ్మా. మానమని మేము చెప్పము," అన్నాడు నాగరత్నతో.

"నన్నడగవా?" వినుత కస్సుమంది.

"నిన్నే అడుగుతుండాను."

"పెళ్లైనా మానను."

"మానితే నాకొద్దు."

వినుతకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మంచం మీంచి లేవలేక ఏడ్చిన పిల్ల ఇదేనా అన్నట్టు నాగరత్న కూతుర్ని ఎగాదిగా చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని ఫోన్ తీసింది.

"హలో, మాలూరేనా? మా పాప మానదంట. మానొద్దని నేనూ చెప్తుండాను. మీరు ఇంగ వేరే యాడైనా చూసుకోండి."