మూడో కోటు

సాయంత్రం 5.12కి ఫోన్ వచ్చింది. 5.31కి డిటెక్టివ్ మార్వా కూబియాక్ ఆ ఇంటి గరాజ్‌లో ఉంది.

శవం కారుకి కుడివైపు, వెనక చక్రం దగ్గర, ఒక పక్కకి ఒత్తిగిలి ఉంది. పేరు క్లైడ్ హావర్‌క్యాంప్. వయసు డెబ్బై ఒకటి. ఫ్లింట్‌లో కార్ల ఫ్యాక్టరీ పెయింట్ లైన్ మీద ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి.

కారు 1970 షెవెల్. ముదురెరుపు. బానెట్ మీద రెండు నల్లచారలు. మెరుపు కోసం రంగు మీద కొట్టే క్లియర్ పూత ఇంకా పచ్చిగానే ఉంది.

గోడలకి ప్లాస్టిక్ షీట్లు. కిటికీలో ఫ్యాను. స్ప్రే గన్ను కడిగి, విప్పి, పాత న్యూస్‌పేపర్ మీద ఆరబెట్టి ఉంది. మాస్క్ మేకుకి వేలాడుతోంది.

"ఇందులో కేసేముంది మేడమ్," అన్నాడు పెట్రోల్ ఆఫీసర్ డెన్నీ. "ముసలాయన రంగేశాడు. గన్ను కడిగాడు. మాస్క్ తగిలించాడు. గుండె ఆగింది."

"గుండె ఆగిందని ఆయనే చెప్పాడా నీకు?"



మార్వా మోకాళ్ళ మీద కూర్చుంది. యాభై రెండేళ్ళ మోకాళ్ళు, కలుక్కుమన్నాయి. శవం ఎడమచెంప పైకి ఉంది. దాని మీద సన్నటి తెల్లపొడి. రెప్పల మీద పొడి. పెదాల మీద కూడా పొడి.

శవాన్ని ఎత్తారు. గరాజ్ నేలంతా అదే పొడి, స్ప్రే చేసిన క్లియర్ గాల్లోనే ఆరి రాలేది. ఆయన పడుకున్నంత మేర మాత్రం పొర పలచగా ఉంది.

"ఫొటో తీయించు," అంది.

తర్వాత టార్చి పట్టుకుని కారు చుట్టూ తిరిగింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. ఒక్కచోట తప్ప. కుడివైపు వెనక చక్రాన్ని కప్పే ఫెండర్ రేకు మీద, శవం ఉన్నచోటికి సరిగ్గా పైన, క్లియర్ వేలెడు పొడుగున కిందికి జారి గట్టిపడుతోంది. గన్ను ఒకేచోట ఆగితేనే అలా జారుతుంది.

6.05కి క్లైడ్ భార్య లోర్నా వచ్చింది. ఆ రోజంతా సాగినాలో చెల్లెలి ఇంట్లో ఉందట. మొగుణ్ణి అప్పటికే తీసుకెళ్ళారు. ఆవిడ గుమ్మంలో నిలబడి కారునే చూసింది.

"పూర్తయిందా?"

"అయిందమ్మా."

"పదకొండేళ్ళు. మావాడు రస్ ఈ డొక్కు కొన్నప్పుడు వాడికి పద్దెనిమిది. రంగు నమూనా ముక్క ఎంచుకుని ఫ్రిజ్ మీద అతికించుకున్నాడు. ఆ చలికాలమే మంచులో లారీ కొట్టి వాడు పోయాడు. అప్పట్నించీ ఈయనా, ఈయన స్నేహితుడు ఆర్విలూ తుప్పు గీకడం, పుట్టీ పెట్టడం, మళ్ళీ గీకడం." లోర్నా ముక్కు తుడుచుకుంది. "ఈయన ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి. క్లియర్ వాసన తగిలితే బతకవన్నాడు డాక్టరు. క్రిస్మస్ దాకా ఉంటే గొప్పన్నాడు. పోనీ, పూర్తయ్యాక చూసుకునే పోయాడు కదా? అది చెప్పమ్మా, నాకు ఇంకేం వద్దు."

మార్వా నోట్‌బుక్ మూసింది.

"రేపు చెప్తాను," అంది.

పోలీసులకి ఫోన్ చేసింది ఆర్విల్ టేట్. క్లైడ్‌తో పాటు అదే లైన్ మీద ముప్ఫై నాలుగేళ్ళూ పనిచేసినవాడు. వాకిట్లో మెట్టు మీద కూర్చుని టోపీ తిప్పుతున్నాడు.

"ఎన్నింటికొచ్చారు?"

"ఐదూ పదికి."

"అంతకుముందు ఎక్కడున్నారు?"

"ఇంట్లోనే. టీవీ ముందు కునుకు పట్టింది."

"క్లైడ్ ఒక్కడే రంగేశాడా?"

"వేసే ఉంటాడు. మొండిఘటం."

"ఆయన్ని గన్ను ముట్టనివ్వనని లోర్నాకి మాటిచ్చారట."

"ఇచ్చాను." టోపీ ఆగింది. "వచ్చేవారం నేను వేస్తానన్నాను. నాకు చెప్పకుండా మొదలెట్టేశాడు."

అతని చేతులు గన్ను కడిగే థిన్నర్ వాసన కొడుతున్నాయి. మార్వా ఆ వాసన మధ్యే పుట్టి పెరిగింది.

పక్కింటి గస్ ఫీల్డ్‌హౌస్ పిలవకముందే కంచె దగ్గరికొచ్చాడు.

"నేను రాసిపెట్టానమ్మాయ్. మోత ఎక్కువైతే మునిసిపాలిటీకి రాస్తాను. వీధిలో నన్ను కంప్లైంట్ల గస్ అంటారు. అననీ."

కాగితం ఇచ్చాడు. గన్నుకి గాలి పంపే కంప్రెసర్ మోత: 3.04 నుంచి 3.19. 3.35 నుంచి 3.49. 4.05 నుంచి 4.19.

మూడు మోతలు. మూడు కోట్లు, అంటే మూడు పూతలు. కోటుకీ కోటుకీ మధ్య పావుగంట ఆరనివ్వాలి. రెండు విరామాలకీ నిమిషం తేడా లేదు.

"మనిషినెవర్నైనా చూశారా?"

"ప్లాస్టిక్ కట్టేస్తే ఏం కనబడుతుంది? దగ్గు వినబడింది. ఆయన దగ్గు ఈ వీధికి కొత్తా?" గస్ గొంతు తగ్గించాడు. "కంప్లైంటు పంపలేదమ్మాయ్. ఇప్పుడు పంపను కూడా."

మర్నాడు 9.40కి పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ ఇమ్లే ఫోన్ చేశాడు. మార్వా ఒక్కటే అడిగింది. ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. ఆవిడ కారులో కూర్చుని కాఫీ చల్లారేదాకా కదల్లేదు. ఇలాంటి ఉద్యోగం ఎవడు చెయ్యమన్నాడని తన్ను తాను తిట్టుకుంది.

11.00. గరాజ్‌లో ముగ్గురు. లోర్నా మడతకుర్చీలో. ఆర్విల్ గోడకి ఆనుకుని. మార్వా ఫెండర్ పక్కన.

"మాస్క్ పెట్టుకుని స్ప్రే చేసేవాడికి మూతి చుట్టూ పొడి పడదు," అంది మార్వా. "క్లైడ్ పెదాల మీద ఉంది. పైకి ఉన్న చెంప మీదే ఉంది. ఆయన కింద నేల మీద మాత్రం పలచన. అంటే ఆయన పడిపోయాక, ఎవరో మాస్క్ తీశాక, ఇక్కడ ఇంకో కోటు పడింది."

లోర్నా మేకుకున్న మాస్క్ కేసి చూసింది.

"ఆ వేసినవాడు ఆయన మాస్క్ మేకుకి తగిలించాడు. గన్ను విప్పి కడిగాడు. క్లియర్ లోపల గట్టిపడితే గన్ను పోతుంది కదా. మా నాన్న కూడా మీ లైనే, ఆర్విల్. కొంప అంటుకున్నా గన్ను కడగందే బయటికొచ్చేవాడు కాదు. చచ్చినా మాస్క్ నేల మీద పెట్టేవాడు కాదు."

ఆర్విల్ టోపీ తీసేశాడు.

"రెండు కోట్లు వాడే వేశాడు," అన్నాడు. "ఒక్కసారి పట్టుకోనీరా, మావాడి కారురా అన్నాడు. కాదనడానికి నోరు రాలేదు. మూడో కోటుకి గన్నెత్తి కూలబడ్డాడు. గాలాడుతుందని మాస్క్ తీశాను. ఆ దగ్గు ఎన్నిసార్లు చూశాను, పది నిమిషాల్లో లేచేవాడు. ఫోన్ తీశాను. చెయ్యి పట్టుకున్నాడు. కింది కోటు ఆరిపోతుందిరా, ముందు వెయ్యి అన్నాడు."

"ఆపేస్తే ఏమయ్యేది?"



"ఏమీ కాదు. సోమవారం కాస్త రుద్ది మళ్ళీ వేసేవాళ్ళం."

"ఆయన ముక్కులోపల, గొంతులో కూడా ఆ పొడి ఉందన్నాడు డాక్టరు. మీరు మొదలెట్టినప్పుడు ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు. ఆంబులెన్స్ రెండు వీధులవతల ఉంది. నాలుగు నిమిషాలు. మీ కోటుకి పద్నాలుగు పట్టింది." మార్వా ఫెండర్ మీద జారినచోట వేలు చూపించింది. "ముప్ఫై నాలుగేళ్ళ చెయ్యి. ఇదెలా జారింది?"

"దగ్గు ఆగింది," అన్నాడు ఆర్విల్. "ఉన్నట్టుండి ఆగింది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది."

"తిరిగి చూశారా?"

"లేదు. చూస్తే తెలిసిపోతుంది. ఇంకో వైపు మిగిలుంది. అది పూర్తి చేశాను. అప్పుడు చూశాను." తల గోడకేసి ఆనించాడు. "గన్ను కడిగాను. ఎందుకు కడిగానో ఇప్పటికీ తెలీదు. ఇంటికెళ్ళి కూర్చున్నాను. నీకేం చెప్పాలో తెలీక మళ్ళీ వచ్చాను, లోర్నా."

లోర్నా అతనికేసి చూడలేదు. మార్వానే అడిగింది.

"అయితే ఆయన చూడలేదన్నమాట."

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అన్నీ విప్పి చెప్పాక ఇంకేం మిగిలింది?

"లేదమ్మా. చూడలేదు."

"పక్కన మనిషుండి కూడా."

ఏ సెక్షన్ కింద రాయాలో ప్రాసిక్యూటర్ చూసుకుంటాడు. మార్వా బెల్టుకున్న బేడీలు ముట్టుకుంది. తియ్యబుద్ధి కాలేదు.

"పదండి," అంది.

ఆర్విల్ రెండడుగులు వేసి ఆగాడు. ఫెండర్ కేసి చూశాడు. తప్పు వెతికే ఆ చూపు మానడం ఈ జన్మకి అతని వల్ల కాదు.

"ఆ జారింది పోతుంది లోర్నా. వాటర్ పేపర్ పెట్టి రుద్ది, పాలిష్ చేస్తే ఆనవాలు కూడా ఉండదు. బెయిలొస్తే నేనే వచ్చి..."

లోర్నా లేచింది. నెమ్మదిగా వచ్చి కారుకీ అతనికీ మధ్య నిలబడింది. రాత్రికి రాత్రి క్లియర్ గట్టిపడింది. జారినచోట వేలు పెట్టి పైనుంచి కిందిదాకా తడిమింది.

"ముట్టుకోకు," అంది. "ఆయన బతికున్నది ఇక్కడిదాకానే."