పగ్గం అవతలి కొస

నమ్మేవాళ్ళు ముందు కూర్చోండి. నమ్మనివాళ్ళు తలుపు దగ్గర కూర్చోండి, మధ్యలో లేచిపోవడానికి వీలుగా ఉంటుంది. ఇంతవరకూ ఈ కథ మధ్యలో లేచిపోయినవాడు ఒక్కడూ లేడు. ఇందులో ఒక్క మాట అబద్ధమని రుజువు చేసినవాడికి నా ట్రక్కు ఇచ్చేస్తానని ఈ తీరమంతా చెప్పి ఉన్నాను. ట్రక్కు ఇంకా నా వాకిట్లోనే ఉంది, కిటికీలోంచి చూసుకోండి.

ఒకటే షరతు. ఎవరూ ఊ కొట్టకూడదు. దగ్గండి, తుమ్మండి, కాఫీ చప్పరించండి. ఊ మాత్రం వద్దు. ఎందుకో మీకే తెలుస్తుంది.

నా పేరు ఓరిన్ బీల్. మెయిన్ రాష్ట్రం తీరంలో పుట్టాను, బరువులెత్తి బతికాను. న్యూయార్క్‌లో నేను నిలబెట్టిన ఉక్కంతా ఒకచోట పోగేస్తే మన చర్చి గోపురం దాని నీడలో పడుతుంది. గొలుసు మూలుగు విని బరువెంతో చెప్పగలను, గుప్పెడు కూడా తేడా రాదు. క్రేన్ ఆగిపోతే నలుగురు దాన్ని బాగుచేసేలోపు నేనొక్కణ్ణే కప్పీ కట్టి పని ముగించి, భోజనం చేసి, కునుకు తీసి లేచిన రోజులున్నాయి.

అలాంటి నన్ను వెతుక్కుంటూ వచ్చింది లోర్నా ఆష్‌క్రాఫ్ట్. ఆమె శిల్పి. ఉలీ సుత్తీ పట్టే రకం కాదు. బొత్తాల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ భవనం నాలుగో అంతస్తులో, పొయ్యి లేని గదిలో ఉండేది. అరటన్ను సీసపు రేకుని రెండు కొక్కేలకి వేలాడదీయమంది. వేలాడదీశాను.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాను.

"ఏం చెయ్యకు. దాన్ని అలా ఉండనీ."

చలికాలమంతా ఆ రేకు తన బరువుకి తానే కిందికి జారింది. మంచు కరిగేనాటికి దాని పొట్ట నేలని తాకింది. జనం మెట్లెక్కి వచ్చి దాని ముందు నిలబడిపోయేవాళ్ళు. ఆ తర్వాత రబ్బరు గొట్టాలు, తారు, పోగులు పోగులుగా విప్పిన ఉక్కు తాళ్ళు. ఇనప వలల్ని ఉప్పునీళ్ళ తొట్లలో వేసి ఏడాదిపాటు తుప్పుకి వదిలేసింది. పత్రికలవాళ్ళు మొదట పాత ఇనుం కొట్టు అని వెక్కిరించారు. పదేళ్ళకి అవే పత్రికలు ఆమె ఫోటో కోసం మెట్ల మీద కాచుకున్నాయి. ఆమె మాత్రం ఎప్పుడూ ఒకటే అనేది.

"నేను సగమే చేస్తాను. మిగతా సగం బరువు చేస్తుంది, ఉప్పు చేస్తుంది, గాలి చేస్తుంది. వాటికి అడ్డం రాకూడదు."

ఆమె మొగుడు రోలండ్ పెల్కీ. నా జోడీ. బూట్లతో కలిపి నూట ఎనభై పౌన్లు, అందులో సగం నవ్వే. నా కథలకి వాడిలా ఊ కొట్టినవాడు మళ్ళీ పుట్టలేదు. ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టేవాడు. చిన్న ఊ, గొంతు లోపలినించి వచ్చేది. అది వింటే చాలు, లేని కథ కూడా నాకు పుట్టుకొచ్చేది.

మా పని ఎలాంటిదో రెండు ముక్కల్లో చెబుతాను. క్రేన్‌కి వేలాడే ఉక్కు పలకని గాలి గిర్రున తిప్పేస్తుంది. అందుకని కింది మూలలకి చెరొక తాడు కట్టి చెరొక మనిషి పట్టుకుంటాం. మేం దాన్ని పగ్గం అంటాం. పగ్గాన్ని చేతికి చుట్టుకోకూడదు. పలక బెదిరితే తాడు వదిలేయాలి, చుట్టుకుంటే అది నిన్ను తీసుకుపోతుంది. ఇంకొకటి. ప్రమాదం ఎవడి కంటపడినా వాడు 'ఆపు' అనవచ్చు. కాఫీ తెచ్చినవాడు అన్నా పని ఆగాల్సిందే.

ఈ తీరంలోనే పెట్రల్ కోవ్ అనే చిన్న అఖాతంలో నీళ్ళు వెనక్కి పోయినప్పుడు సముద్రం కనుచూపు మేర తప్పుకుంటుంది. ఆ రాతి నేలలో గాడులు కొట్టి, ఒక్కొక్కటీ నాలుగు టన్నుల ఉక్కు పలకలు ఐదు నిలబెట్టాలని లోర్నా ఆలోచన. రోజుకి రెండుసార్లు సముద్రం వాటిని మింగి రెండుసార్లు కక్కుతుంది. నూరేళ్ళు ఉప్పు తిన్నాక గానీ పని పూర్తికాదు. ఆమె గొప్ప పని అదే.

నాలుగు నిలబెట్టాం. ఐదోదాని రోజున పలక బెదిరింది. పగ్గం రోలండ్ మణికట్టుకి చుట్టుకుని ఉంది. వాణ్ణి జెండాలా ఎత్తి రాతి అంచు దాటించి లోతులో వేసింది. గొలుసు తెగి పలకా వాడితోనే పోయింది. ఎడమ చేతి తొడుగు ఒకటి ఒడ్డుకి వచ్చింది. వాడు రాలేదు.

గాలి కొట్టింది అన్నాను. పోలీసులకి అదే చెప్పాను, లోర్నాకి అదే చెప్పాను.

పదకొండేళ్ళ తర్వాత ఒక అక్టోబరులో ఆమె ఫోను చేసింది.

"ఓరిన్, ఐదోది నిలబెట్టాలి. కొత్త పలక కోయించాను."

"ఎప్పుడు తల్లీ?"

"పందొమ్మిదిన. నీళ్ళు మళ్ళీ ఆ గాడి బయటపడేంత వెనక్కి పోయేది వచ్చే ఏడాదే. అప్పటికి నాకు చూపుండదు. డాక్టరు నెలల్లో చెబుతున్నాడు. ఐదూ నిలబడటం ఒక్కసారి చూడాలి నేను."

"అవతలి పగ్గం ఎవరు పడతారు?"

"నేను."

"నీకు డెబ్భై ఒకటి."

"అబద్ధాలాడే వయసు నీకు దాటలేదు, తాడు పట్టే వయసు నాకు దాటుతుందా?"

పందొమ్మిది పొద్దున పదకొండు గంటలు. పట్టపగలు. నీళ్ళు వెనక్కి పోయాయి. మాకున్నది నలభై నిమిషాలు. సరిగ్గా అప్పుడే పొగమంచు దిగింది. కుళ్ళిన నాచు వాసన, డీజిలు వాసన. ఎక్కడో నీళ్ళమీద తేలే గంట ఒకటి, ఉండుండి టంగుమంటోంది. ఒడ్డున క్రేన్‌లో కూర్చున్నది హోలిస్ లంట్.

"బాబాయ్, నా ముక్కు నాకే కనబడట్లేదు," అన్నాడు.

"అది చూసుకోదగ్గ ముక్కేం కాదు గాని, ఈల విను. ఒకటైతే ఆపు, రెండైతే ఎత్తు, మూడైతే దించు."

రెండు ఈలలు వేశాను. పలక లేచింది. నా పగ్గం నా చేతిలో ఉంది. లోర్నా పగ్గం నాకు ఎడమవైపు, పదిహేను అడుగుల అవతల, తెల్లటి గోడ వెనక ఉంది.

"చుట్టుకోకు," అన్నాను.

"తెలుసు. నువ్వు మాట్లాడుతూ ఉండు ఓరిన్. నీ గొంతు వింటే నువ్వెక్కడున్నావో తెలుస్తుంది. నేను ఊ కొడతాను, నేనెక్కడున్నానో నీకు తెలుస్తుంది."

మాట్లాడమంటే నాకు చేదా? ఇనప్పెట్టె కథ ఎత్తుకున్నాను. బ్యాంకువాళ్ళ ఇనప్పెట్టెని ఐదంతస్తులు నా వీపు మీద మోసిన కథ. ఎందుకు అదే నోటికొచ్చిందో తెలియదు. పదకొండేళ్ళుగా దాన్ని ఎవరికీ చెప్పలేదు.

"లిఫ్టు లేదు. నలుగురం రావాల్సింది, ముగ్గురు తాగి పడిపోయారు..."

"ఊ."

"పెట్టె వీపున కట్టుకున్నాను. మొదటి అంతస్తులో మెట్టు విరిగింది..."

"ఊ."

పలక బుద్ధిగా కదులుతోంది. ఇంత నిశ్చలంగా వేలాడిన బరువుని నేనెన్నడూ చూడలేదు. అవతలి పగ్గం మేకు కొట్టినట్టుంది. ముసలమ్మకి చేవ ఉంది అనుకున్నాను. రెండో అంతస్తుకి వచ్చాను. ఊ, ఊ అంటూనే ఉంది. కాస్త గొంతు బొంగురుపోయినట్టుంది, మంచు కదా.

తర్వాత ఒకటి గమనించాను. ఆ ఊ ఎడమవైపునించి రావడంలేదు. ఎదురుగా... సముద్రం వైపునించి వస్తోంది.

నా కుడి భుజం మీద ఎవరో చెయ్యి వేశారు.

లోర్నా. రెండు చేతులూ ఖాళీ.

"వేళ్ళు పట్టు తప్పాయి," అంది గుసగుసగా. "నీ గొంతు ఆనవాలు పట్టుకుని చుట్టూ తిరిగి వచ్చాను. మరి నా పగ్గం ఎవరు పట్టుకున్నారు?"

"ఇప్పటిదాకా ఊ కొట్టింది..."

"నేను కొట్టింది రెండుసార్లే."

కథ ఆపి అటు చూశాను. పలక అవతల, మోకాలి ఎత్తున, తాడు బిగుసుకుని పొగమంచులోకి పోయి ఉంది. దాని మీదినించి నీటిచుక్కలు రాలుతున్నాయి. గంట టంగుమంది.

పలక కదిలింది. సముద్రం వైపు. చప్పుడు లేకుండా. నాలుగు టన్నులు. నా పగ్గం తొడుగులోంచి జారుతోంది. ఒక ఈల వేశాను.

"బాబాయ్, ఆపే ఉన్నాను," హోలిస్ గొంతు. "నేనేం కదపట్లేదు."

"ఊ?" అంది మంచు.

ఈసారి అడుగుతున్నట్టుగా. తర్వాతేమైంది అన్నట్టుగా.

నోరు దానంతటదే తెరుచుకుంది. "రెండో అంతస్తు... దాటాను..." పలక ఆగింది. నేను ఆగితే అది కదులుతోంది. నేను చెబితే అది ఆగుతోంది. మడమల దగ్గర చల్లగా తగిలింది. నీళ్ళు తిరిగొస్తున్నాయి.

"అది రోలండ్," అంది లోర్నా.

"కాదు. రాళ్ళలో మారుమోగుతోంది."

"ఆ ఊ పక్కన పదహారేళ్ళు పడుకున్నాను ఓరిన్. నాకు చెప్పకు."

ఆమె ముందుకి నడిచింది. పలక అంచు తడుముకుంటూ మూల దాకా పోయి తాడు అందుకుంది. బూడిదరంగు కోటు మాత్రం మసకగా కనిపిస్తోంది. తాడుని మణికట్టుకి చుట్టుకుంది. ఒక చుట్టు. చలికి మఫ్లర్ చుట్టుకున్నంత నెమ్మదిగా... రెండో చుట్టు.

"లోర్నా, వదిలెయ్."

"ఆయన లాగుతున్నాడు. అడ్డం రాకు."

నా పగ్గం వదిలితే పలక తిరిగి ఆమెని కొట్టేస్తుంది. పట్టుకుంటే ఆమె దగ్గరికి పోలేను. నా చేతుల్లో ఏమీ లేదు, నోట్లో కథ ఒక్కటే ఉంది.

"మూడో అంతస్తు... మెట్ల మీద పెట్టె దించాను. ఊపిరి తీసుకుంటున్నాను. అప్పుడు పెట్టెలోంచి... ఎవరో తట్టారు..."

"ఊ."

తాడు వణికింది. నవ్వు ఆపుకునేవాడి భుజాలు వణికినట్టు. లోర్నా చెయ్యి పైకి లేచింది. మడమలు రాతి మీదినించి పైకి లేచాయి.

ఒక్క మాట మిగిలింది. ఆ కథకి చివరి మాట. ఎలాంటివాడైనా పడీపడీ నవ్వే మాట. నాలిక చివరికి వచ్చేసింది. ఆ మాట అంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఒకసారి అన్నాను కదా.

"లోర్నా," అన్నాను. "ఆ రోజు గాలి లేదు."

తాడు కదల్లేదు.

"ఇదే కథ చెబుతున్నాను. వాడికి నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకోవడానికి ఒక చెయ్యి కావాలని పగ్గాన్ని రెండో చేతికి చుట్టుకున్నాడు. రెండు చుట్లు. నేను చూశాను. 'ఆపు' అనాలి. కానీ కథకి ఒక్క మాట మిగిలింది లోర్నా. ముందు ఆ మాట అన్నాను. వాడు నవ్వుతూ తూలాడు, పలక తిరిగింది."

గంట మోగలేదు. నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి.

"పెట్టె కూడా నేను మొయ్యలేదు," అన్నాను. "కప్పీతో ఎక్కించాం. ఐదుగురం."

ఊ రాలేదు.

తాడు అవతలి కొస వదులై నీళ్ళలో పడింది. చప్పుడు చాలా చిన్నది. లోర్నా ఒక చుట్టు విప్పింది. రెండోది విప్పింది. నా వైపు తిరగలేదు.

"ఆ రోజు నేను ఒడ్డున ఉన్నాను," అంది. "ఆయన నవ్వు నాకు వినిపించింది. ఎందుకు నవ్వాడో నువ్వు చెబుతావని పదకొండేళ్ళు ఎదురుచూశాను. ఈల వెయ్యి ఓరిన్. నీళ్ళొస్తున్నాయి."

మూడు ఈలలు వేశాను. ఎవరూ పట్టుకోకుండానే పలక గాడిలో దిగింది. కాకపోతే వెనక్కి తిరిగి దిగింది. మిగతా నాలుగూ ఒడ్డుని చూస్తున్నాయి, అదొక్కటి సముద్రాన్ని చూస్తోంది. సరిచెయ్యనా అని అడిగాను. లోర్నా దాని మీద అరచెయ్యి ఆనించి, "నా సగం అయిపోయింది," అంది. మధ్యాహ్నానికి మంచు విడిపోయింది. ఒడ్డున కుర్చీ వేసుకుని, ఐదూ నీళ్ళలో మునిగేదాకా కళ్ళార్పకుండా చూసింది. ఫిబ్రవరిలో చూపు పోయింది. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. నాతో మాట్లాడేది కూడా. కథ చెప్పమని మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఇనప్పెట్టెలోంచి తట్టింది ఎవరో మీరూ అడగొద్దు. ఆ మాట ఇక నా నోట రాదు.

ఇంకొకటుంది. ఐదోది నిలబడ్డ రోజున దాన్నించి కొక్కెం విప్పేశాను. పగ్గాలు రెండూ చుట్టి నా భుజాన వేసుకున్నాను. పైన ఖాళీ కొక్కెం తప్ప ఏమీ లేదు. క్రేన్‌లో హోలిస్ ముందు బరువు చూపే ముల్లు ఉంటుంది. అది సున్నాకి రాలేదు. వాడు అద్దం మీద వేలితో కొట్టాడు, గుద్దాడు. నూట ఎనభై పౌన్ల దగ్గరే నిలబడింది. రోడ్డెక్కేదాకా అలాగే ఉంది. తర్వాత క్రేన్ అమ్మేశాడు. కొన్నవాడు నెలకోసారి ఫోను చేస్తాడు, ఈ ముల్లుకేం రోగం అని.

నేను గప్పాలు కొడతానని ఈ తీరంలో అందరికీ తెలుసు. నా మాట తీసుకోకండి. జన్మలో ఒక్క అబద్ధమాడటం చేతకాక మూడు ఉద్యోగాలు పోగొట్టుకున్నవాడొకడున్నాడు, పోస్టాఫీసు వెనక నీలం ఇల్లు. ముల్లు ఎంత చూపించిందో వాణ్ణి అడగండి. ఆ తర్వాత, క్రేన్ పక్కన నిలబడి నేను నోరు తెరిచినప్పుడల్లా ఆ ముల్లు ఎలా వణికిందో అది కూడా అడగండి. వాడి పేరు హోలిస్ లంట్.