ఊకపొయ్యి బ్లాగులో ఆఖరి పోస్టు

శవం సోమవారం ఉదయం గోదావరిలో, ధవళేశ్వరం ఎగువన, లంక ఒడ్డు తుంగలో చిక్కుకుని కనిపించింది. వల తీయడానికి వెళ్లిన గంగయ్య చూసి ఒడ్డుకు లాగాడు.

పాతికేళ్లు దాటిన అమ్మాయి. తల వెనక దెబ్బ. మెడలో ప్లాస్టిక్ కవర్‌లో ఒక బ్యాడ్జి. 'తెలుగు బ్లాగర్లు, వికీపీడియన్ల సమావేశం, రాజమండ్రి, 2008.' పేరు ఉండాల్సిన చోట 'ఊకపొయ్యి' అని ఉంది.

అది మనిషి పేరో, ఊరి పేరో ఎస్సై దుర్గాశ్రీకి అర్థం కాలేదు.

మధ్యాహ్నానికి తెలిసింది. అది బ్లాగు పేరు. రాసే అమ్మాయి హారతి, మండపేటలో ప్రైవేటు స్కూలు టీచరు. రెండేళ్లుగా రైస్ మిల్లు కూలీల గురించి రాస్తోంది. ఒక మిల్లులో బాయిలర్ పేలి ఆడవాళ్లు చనిపోతే గుండెపోటని చూపించి ఎలా సర్దేశారో రాసింది. మిల్లు పేరు మాత్రం ఎక్కడా పెట్టలేదు. తన పేరూ పెట్టలేదు. ఆదివారం సమావేశంలోనే తోటి బ్లాగర్లు మొదటిసారి ఆమె ముఖం చూశారు.

ఆదివారం సాయంత్రం ఆరూ నలభైకి ఆ బ్లాగులో ఒక పోస్టు పడింది.

'అమ్మ్, నన్ను క్షమించు. ఇక రాయలేను. ఎవరి మీదా కోపం లేదు. సెలవు.'

కింద అప్పటికే బోలెడు వ్యాఖ్యలు. అందరూ ఏడ్చారు. అందరూ ఆమె ధైర్యాన్ని పొగిడారు.

ఆ పోస్టు సమావేశం జరిగిన కంప్యూటర్ సెంటర్ నుంచే వెళ్లిందని అక్కడి సిస్టమ్ చూస్తే తేలింది. రేవు మెట్ల మీద నుంచి గోదావరిలోకి దూకినప్పుడు తలకి రాయి తగిలి ఉంటుందన్నారు సీఐ గారు. ఆత్మహత్య కింద రాసేయమన్నారు.

శవాన్ని తీసుకెళ్లడానికి హారతి అన్న సురేంద్ర వచ్చాడు. లారీ డ్రైవరు. పోస్టు చదివి వినిపిస్తే తల అడ్డంగా ఊపాడు.

"మా అమ్మ పోయి రెండేళ్లయిందండి. ఆ బాయిలర్ దగ్గరే పోయింది. అమ్మకి న్యాయం జరగాలనే మా చెల్లి రాత మొదలెట్టింది. ఇక రాయనని అమ్మకే చెప్పుద్దా మేడమ్?"

దుర్గాశ్రీ ఫైలు మూయలేదు.

సమావేశం అయిదింటికి ముగిసింది. ఆ తర్వాత సెంటర్‌లోకి వచ్చినవాళ్లు ముగ్గురే. ఒకరు ఓనరు గణేష్‌బాబు. వికీలో ఊళ్ల వ్యాసాలు రాస్తాడు. ఒకరు రిటైర్డ్ తెలుగు లెక్చరర్ చంద్రరావు. సమావేశం ఏర్పాటు చేసింది ఆయనే. మూడో మనిషి మణిదీప్. 'పైరగాలి' పేరుతో కవితలు రాసే కుర్రాడు.

గణేష్‌బాబు టీకి బయటికి వెళ్లానన్నాడు. చంద్రరావు ముందు గదిలో కూర్చుని నివేదిక రాసుకుంటున్నానన్నారు. మణిదీప్ మర్చిపోయిన హెల్మెట్ కోసం వచ్చానన్నాడు.

"హారతి మళ్లీ లోపలికి రావడం ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. పనిలో పడి గమనించి ఉండనన్నారు చంద్రరావు. తర్వాత గొంతు తగ్గించి, పేపర్లో సమావేశం పేరు రాకుండా చూడమని అడిగారు. ఎంతో కష్టపడి పదిమందిని పోగేశారట.

బుధవారం ఆమె సెంటర్‌కి వెళ్లి, ఆ పోస్టు పడిన సిస్టమ్ ముందే కూర్చుంది. తెలుగు ఎలా కొడతారో చూపించమని గణేష్‌బాబుని అడిగింది. రెండు దారులున్నాయన్నాడు. ఒకటి ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు పడేది. రెండోది నేరుగా తెలుగు కీబోర్డు. ఆదివారం హారతి ఇదే సిస్టమ్ మీద తన బ్లాగు తెరిచి, రెండోది అందరికీ నేర్పింది. ఆమె ఎప్పుడూ అలాగే కొడుతుంది. తనూ, చంద్రరావు గారూ కూడా అంతే.

దుర్గాశ్రీ మొదటి పద్ధతిలో 'పడవ' అని కొట్టబోయింది. స్క్రీన్ మీద 'పడవ్' అని పడింది.

"చివర ఇంగ్లిష్ 'ఎ' అక్షరం నొక్కలేదండి. అందుకే పొల్లు పడింది," అన్నాడు గణేష్‌బాబు.

"రెండో పద్ధతిలో?"

"దాంట్లో పొల్లు కావాలంటే దానికో కీ పనిగట్టుకుని నొక్కాలండి. మర్చిపోతే పడేది కాదు."

ఆమె అదే సిస్టమ్‌లో ఆఖరి పోస్టు తెరిచింది.

ఆ రోజంతా కూర్చుని రెండేళ్ల బ్లాగు చదివింది. హారతి రాతలో అలాంటి తప్పు ఒక్కటి లేదు. తర్వాత వ్యాఖ్యలు చదివింది.

మర్నాడు ముగ్గుర్నీ సెంటర్‌కి పిలిపించింది. సురేంద్ర కూడా వచ్చి గోడవారగా నిలబడ్డాడు.

"ఆఖరి పోస్టులో మొదటి మాట చదవండి," అంది.

చంద్రరావు కళ్లజోడు పెట్టుకుని చదివారు. అమ్మ చివర పొల్లు. తొందరలో పడిన అచ్చుతప్పు అనుకున్నానన్నారు.

"అందరూ అలాగే అనుకున్నారు. కానీ హారతి కొట్టే పద్ధతిలో ఆ తప్పు రాదు. ఇది ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టిన చెయ్యి." ఆమె స్క్రీన్ మీద 'పైరగాలి' పేరున్న పాత వ్యాఖ్య ఒకటి తెరిచింది. "'జోహార్లు అక్క్. ఆగకుండా రాయి.' ఇది ఎవరిది మణిదీప్?"

అలా కొట్టేవాళ్లు వేలమంది ఉన్నారన్నాడు మణిదీప్.

"ఉన్నారు. ఆ సాయంత్రం ఈ గదిలోకి వచ్చినవాళ్లలో నువ్వొక్కడివే. హారతి నీ బండి దిగి నీతో రేవులోకి వెళ్లడం అక్కడ బజ్జీలమ్మే పెద్దింట్లమ్మ చూసింది. నువ్వొక్కడివే తిరిగొచ్చావంది."

మణిదీప్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తనే చెప్పడం మొదలుపెట్టాడు. రెండేళ్లుగా ప్రతి పోస్టుకూ మొదటి వ్యాఖ్య తనదే. చదివి నిజంగానే కన్నీళ్లు పెట్టుకునేవాడు. ఆదివారం భోజనాల దగ్గర ఆ మిల్లు ఎవరిదని మెల్లగా అడిగాడు. ఆమె చెప్పింది. వచ్చే పోస్టులో పేర్లన్నీ పెడతానంది.

అది మణిదీప్ నాన్నగారి మిల్లు.

బస్టాండులో దింపుతానని బండెక్కించుకుని రేవుకి తీసుకెళ్లాడు. తను ఎవరో చెప్పాడు. పేర్లు పెట్టొద్దని బతిమాలాడు.

"ఏమంది?" అడిగింది దుర్గాశ్రీ.

"నువ్వే కదా తమ్ముడూ ఆగకుండా రాయమన్నావు, అందండి."

అప్పుడు మెట్ల మీద నుంచి తోసేశాడు. సెంటర్‌కి వచ్చి చూస్తే ఆమె బ్లాగు తెరిచే ఉంది. నాలుగు ముక్కలు రాసి, బ్లాగులోంచి లాగౌట్ అయి, హెల్మెట్ పట్టుకుని వెళ్లిపోయాడు.

సురేంద్ర అతని మీదకి రాలేదు. తిట్టలేదు కూడా. అరెస్టు రాతకోతలయ్యేదాకా అలాగే నిలబడి, ఆ పోస్టు తీసేయమని గణేష్‌బాబుని అడిగాడు. తన చెల్లెలు అనని మాట తన చెల్లెలి పేరున ఉండకూడదన్నాడు.

గణేష్‌బాబు చాలా ప్రయత్నించాడు. పాస్‌వర్డ్ హారతికి తప్ప ఎవరికీ తెలియదు. దుర్గాశ్రీ స్టేషన్ తరఫున ఆ బ్లాగులు నడిపే కంపెనీకి రెండుసార్లు రాసింది. జవాబు రాలేదు.

రాజమండ్రిలో బ్లాగర్లు మళ్లీ కలవలేదు. బెయిల్ మీద బయటికొచ్చిన మణిదీప్ మిల్లు లెక్కలు చూసుకుంటున్నాడు. కేసు నడుస్తోంది. 'ఊకపొయ్యి' తెరిస్తే ఇప్పటికీ ముందు ఆ పోస్టే వస్తుంది. ఎక్కడెక్కడి వాళ్లో చదివి, ఆమె అంత పిరికిగా వెళ్లిపోకుండా ఉండాల్సిందని కింద రాస్తూనే ఉన్నారు.