ఎడమ బుగ్గ రహస్యం

రాజమండ్రిలో వీరదుర్గ గారి డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది పెళ్ళికొడుకు తాగుతాడా లేదా కనుక్కోమని వచ్చేవాళ్ళే. అందుకే ఆ మంగళవారం పొద్దున ఒకావిడ మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండానే ఏడుపు మొదలుపెట్టేసరికి, అసిస్టెంటు యెహెజ్కేలు గారు అలవాటుకొద్దీ “అబ్బాయిది ఏ ఊరండి?” అని అడిగేశారు.

“అబ్బాయి కాదండి, పన్ను” అంది ఆవిడ.

పేరు తబిత. పిల్లల పళ్ళ డాక్టరు. గణేష్‌బాబు అనే బట్టల వ్యాపారి మేడమీద క్లినిక్ పెట్టి ఏడాదయింది. మూడు నెలల కిందట ఆయన కొడుకు చింటూకి నాలుగు, కూతురు హరిచందనకి రెండు పుచ్చుపళ్ళకి సిమెంటు పెట్టింది. ఇప్పుడు చింటూ పళ్ళలో సిమెంటు గరుకెక్కి, అంచులు అరిగి, పచ్చబడిపోయింది.

“నకిలీ సిమెంటు పెట్టానని వీధి వాట్సాప్ గ్రూపులో రాసేశారండి. ఆ రోజు నుంచీ ఒక్క పేషెంటు రాలేదు. సాయంత్రంలోగా బోర్డు పీకేసి ఖాళీ చెయ్యమన్నారు. తిండి గురించీ మందుల గురించీ అన్నీ అడిగానండి. దసరాకి దగ్గొస్తే అయిదు రోజులు సిరప్ వాడి ఆపేశామంది వాళ్ళమ్మ. నేనే తప్పూ చెయ్యలేదండి!”

వీరదుర్గ గారు చేతిసంచీ తీసుకుని లేచారు. ఆవిడ తుమ్మినా టైము వేసి రాసుకునే యెహెజ్కేలు గారు నోట్‌బుక్కు చంకన పెట్టుకుని వెనకే కదిలారు. ఇరిగేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన ఆయనకి వీరదుర్గ గారంటే అంత గురి మరి.

గణేష్‌బాబు గుమ్మంలోనే నిలదీశాడు. “మీరూ ఆ డాక్టరమ్మ తరఫేనా అండి?”

“నేను పన్ను తరఫండి. పిల్లలు ఏం తింటారు?”

“ఆత్రేయపురం నుంచి మా తమ్ముడు పూతరేకులు తెస్తాడండి” అంది ఆయన భార్య ప్రసన్నలక్ష్మి. “ఇద్దరూ తింటారు. చందనే ఎక్కువ తింటుంది.”

“మా అక్క నావి కూడా తినేస్తుందండి!” అన్నాడు ఏడేళ్ళ చింటూ. వాడి నోరు క్షణం ఖాళీగా ఉంటే ఒట్టు. స్కూలు సంగతులు, వ్యాన్ డ్రైవరు సంగతులు వరసపెట్టి చెప్పేస్తున్నాడు.

వీరదుర్గ గారు టార్చి వేసి ఇద్దరి నోళ్ళూ చూశారు. చందన సిమెంటు నున్నగా ఉంది. చింటూకి కుడివైపు రెండూ బాగానే ఉన్నాయి. పాడైనవి ఎడమవైపు రెండూ. యెహెజ్కేలు గారు “కుడి: సుభిక్షం. ఎడమ: వరద నష్టం” అని రాసుకున్నారు.

ఇంతలో లోపలి గదిలో బీరువా తలుపు కిర్రుమంది. వెంటనే చింటూ మూడుసార్లు దగ్గాడు. “రారా నాన్నా” అని నాయనమ్మ పాపాయమ్మ పిలిచింది. తిరిగొచ్చిన చింటూని ఏ క్లాసని అడిగితే వేళ్ళు చూపించాడు.

“సిగ్గమ్మా వాడికి” అంది పాపాయమ్మ, నారింజరంగు మరకున్న కొంగుతో వాడి మూతి తుడుస్తూ. “ఓ అరగంట వాణ్ణేమీ అడక్కండి.”

“అలాగేనండి. సాయంత్రం నాలుగింటికి అందరూ క్లినిక్‌కి రండి” అన్నారు వీరదుర్గ గారు.

“ఏమైనా తేలిందాండి?” అని వీధిలోకి రాగానే అడిగారు యెహెజ్కేలు గారు.

“దొంగ దొరికాడు. చేతులు కాదు, బుగ్గ పట్టుకోవాలి.”

“ఆయ్” అన్నారాయన. ఏమీ అర్థం కాలేదు గానీ రాసుకున్నారు.

నాలుగింటికి అందరూ వచ్చారు. మెట్లమీద చింటూ దగ్గడం, పాపాయమ్మ చేతిసంచీతో వాణ్ణి పక్కకి తీసుకెళ్ళడం వీరదుర్గ గారు కిటికీలోంచి చూశారు. తబిత గోడకానుకుని నిలబడింది.

“సిమెంటు నకిలీదైతే అదే డబ్బాలోది చందనకెందుకు పాడవలేదు?” అని మొదలుపెట్టారు వీరదుర్గ గారు. “పూతరేకుల వల్లయితే ముందు చందనవే పోవాలి. పైగా చింటూకి ఎడమవైపే పోయింది. అంటే వాడొక్కడి ఎడమ బుగ్గలోనే ఏదో నిలవుంటోంది. పొద్దున లోపలికెళ్ళేదాకా వసపిట్టలా వాగినవాడు, వచ్చాక నోరెత్తలేదు. ఇప్పుడూ అంతే, వచ్చి పది నిమిషాలైంది. చింటూ, నోరు తెరు నాన్నా.”

చింటూ తల అడ్డంగా ఊపాడు. గణేష్‌బాబు “తెరవరా!” అని గద్దించాడు. వాడు తెరిచాడు. తెల్లచొక్కా మీద నారింజరంగు సిరప్ ధారకట్టింది.

“దగ్గు సిరప్పు!” ప్రసన్నలక్ష్మి కెవ్వుమంది. “దసరాకే ఆపేశాం కదా!”

“మీరు ఆపేశారు. పెద్దావిడ ఆపలేదు. వీడి దగ్గేమో బీరువా చప్పుడు వింటేనో, ఆవిడ సంచీ చూస్తేనో తప్ప రావట్లేదు.”

“పసివాడు దగ్గుతుంటే చూస్తూ ఊరుకోనా? పాత చీటీ చూపించి తెప్పించానమ్మా” అంది పాపాయమ్మ. “రోజుకి మూడుసార్లు పోస్తున్నా. మందు మీద నీళ్ళు తాగితే పలచబడిపోద్దని అరగంట నీళ్ళు కూడా ఇవ్వట్లేదు.”

“ఆరెంజ్ టేస్టండి” అన్నాడు చింటూ దీనంగా. “మింగితే అయిపోద్ది.”

తబిత ముందుకొచ్చింది. “ఇలాంటి సిరప్పుల్లో తీపి వెనకాల పులుపుంటుందండి. తాగి నోరు పుక్కిలిస్తే పెద్ద బాధ లేదు. రోజూ గంటలకొద్దీ సిమెంటు మీద నిలిస్తే పైపొర మెత్తబడి గరుకెక్కుతుంది. మందులడిగినప్పుడు ఇది నాకెవరూ చెప్పలేదు.”

గణేష్‌బాబు గొంతు తగ్గించి, “సరే, అయిందేదో అయింది, మీరు ఉండండి డాక్టరుగారూ” అన్నాడు.

“తిట్టేటప్పుడు వీధంతా వినేలా తిట్టి, ఇప్పుడు చెవిలో గొణుగుతావేంట్రా?” అంది పాపాయమ్మ. “ఆ గ్రూపులోనే రాయి. తప్పు మా ఇంట్లోదేనని రాయి.”

గణేష్‌బాబు ఫోను తీశాడు. “‘విషయము’ అని మొదలెట్టండి” అని యెహెజ్కేలు గారు పక్కన చేరి చెప్పసాగారు.

పాపాయమ్మ మాత్రం తబిత దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకుంది. “నా చేతులతో నేనే వాడి పళ్ళు పాడుచేశాను. నింద నీమీద పడింది తల్లీ. ఇంకెవరొచ్చినా రాకపోయినా, ముందు నేను కూర్చుంటాను. ఈ పన్ను ఏడాదిగా సలుపుతోంది, భయమేసి చెప్పలేదు.” అంటూనే కుర్చీ ఎక్కేసింది.

“నేను పిల్లల డాక్టర్నండి, నాయనమ్మగారూ” అంది తబిత, కళ్ళు తుడుచుకుంటూ.

“నేను చేసింది పిల్లచేష్టే కదమ్మా” అని పాపాయమ్మ నోరు తెరిచింది.

తబిత ఏడుస్తూనే నవ్వేసి, చేతులకి తొడుగులు వేసుకుని లైటు వేసింది.